ఆ గీత ఆగితే... ఊపిరాగుతుంది!

2019 సెప్టెంబరు 7. అర్ధరాత్రి దాటి రెండు గంటలు కావస్తోంది. దేశం ఇంకా నిద్రపోలేదు. టీవీల ముందు కొందరు, కంప్యూటర్ల ముందు కొందరు, దుప్పట్లో సెల్‌ఫోన్‌ పట్టుకుని ఇంకొందరు... అందరి కళ్లూ ఒక్కచోటే. బెంగళూరులోని ఇస్రో కేంద్రంలో గోడంత తెర. దానిమీద వంపు తిరిగిన ఓ ఎర్రగీత. చంద్రయాన్‌-2 ల్యాండర్‌ విక్రమ్‌ ఏ దారిలో దిగాలో శాస్త్రవేత్తలు ముందే గీసిపెట్టిన గీత అది. దాన్ని అంటిపెట్టుకుని నెమ్మదిగా కిందికి జారుతోంది ఓ ఆకుపచ్చ చుక్క. విక్రమ్‌ నిజంగా ఎక్కడుందో చెప్పే చుక్క!

చుక్క గీతమీద ఉన్నంతసేపూ చప్పట్లే. ఉన్నట్టుండి అది కాస్త పక్కకు జరిగింది. ఇంకాసేపటికి ఆగిపోయింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. 2.1 కిలోమీటర్ల ఎత్తువరకూ అంతా సజావుగానే సాగిందనీ ఆ తర్వాత సంకేతాలు తెగిపోయాయనీ ఇస్రో ప్రకటించేసరికే జనానికి విషయం అర్థమైపోయింది.

నాలుగేళ్లు తిరిగాయి. 2023 ఆగస్టు 23, సాయంత్రం 6.04 గంటలు. మళ్లీ అలాంటి తెరే, అలాంటి గీతే. ఈసారి చుక్క చివరిదాకా దారి తప్పలేదు. ఒక్క యూట్యూబ్‌లోనే 80 లక్షలమందికి పైగా ఒకేసారి ఆ దృశ్యాన్ని చూశారు. ఊరూవాడా పండగ చేసుకున్నారు.

ఒక్కసారి ఆలోచించండి. ఆ రెండుసార్లూ ల్యాండర్‌ నేలమీద వాలడాన్ని మనం కళ్లారా చూడలేదు. అక్కడ మనకోసం ఫొటో తీసేవాళ్లు లేరు. మనల్ని ఏడిపించిందీ, ఎగిరి గంతేయించిందీ... కదులుతున్న ఓ గీత!

* అంతా గీతలమయం

చంద్రుడిదాకా ఎందుకు, క్రికెట్‌ మ్యాచ్‌ చూస్తుంటే తెరమీద రెండు 'పురుగులు' పాకుతుంటాయి. ఒకటి వాళ్ల స్కోరు, రెండోది మనది. ఏ పురుగు పైన ఉందో చూస్తే చాలు, గెలుపెవరిదో చిన్నపిల్లాడూ చెప్పేస్తాడు. షేర్లు కొన్నవాళ్లకు పొద్దున తొమ్మిదింబావు నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకూ సెల్‌ఫోన్‌లో గీతే లోకం. ఐసీయూ బయట అద్దంలోంచి తొంగిచూసే బంధువులకు మందుల పేర్లు తెలియవు, జబ్బు పేరూ సరిగా తెలియదు. మంచం పక్కన మానిటర్‌మీద ఎగిరిపడుతున్న ఆ పచ్చగీత మాత్రం తెలుసు. అది ఎగిరినంతసేపూ ధైర్యం.

ఒకప్పుడు ఇలాంటి గీతలు చూడాలంటే కంట్రోల్‌ రూములోకి వెళ్లాలి. లోపలికి రానిచ్చేవారు కాదు. ఇప్పుడు అవి వెబ్‌ పేజీలోకి వచ్చేశాయి. దేశమంతటికీ కరెంటు సరఫరా ఎలా ఉందో, గోదావరి ఎన్ని అడుగులకు చేరిందో మామూలు మనిషి ఇంట్లో కూర్చుని చూసేయొచ్చు. మరి ఎక్కడో జరిగేది మన తెరమీద గీతగా ఎలా మారుతోంది? దాన్ని ఎంతవరకూ నమ్మొచ్చు?

* మసి కాగితం నుంచి మౌస్‌ దాకా...

అంకెల్ని గీతగా మార్చి చూపించాలన్న ఆలోచనకు ఆద్యుడు స్కాట్లాండ్‌కు చెందిన విలియం ప్లేఫెయిర్‌. 1786లో వేసిన పుస్తకంలో ఇంగ్లాండ్‌ ఎగుమతులూ దిగుమతుల్ని ఆయన గీతల్లో చూపించాడు. అయితే ఆ గీత కదలదు. అచ్చయ్యాక అంతే.

గీతకు కదలిక నేర్పింది వైద్యులు. 1847లో జర్మనీకి చెందిన కార్ల్‌ లుడ్విగ్‌ ఓ డబ్బా తయారుచేశాడు. గుండ్రంగా తిరిగే ఆ డబ్బాకు మసి పట్టించిన కాగితం చుట్టి ఉంటుంది. రక్తపు ఒత్తిడికి తగ్గట్టు ఓ సన్నటి ముల్లు కదులుతూ ఆ మసిమీద గీత గీస్తుంది. శరీరంలో జరుగుతున్నది జరుగుతుండగానే కాగితంమీదికి రావడం అలా మొదలైంది. తర్వాత నెదర్లాండ్స్‌కు చెందిన ఐంథోవెన్‌ గుండె విద్యుత్తును గీతగా మలిచాడు. మనం 'ఈసీజీ' అంటున్నది దాన్నే. ఆ పనికి 1924లో నోబెల్‌ బహుమతి అందుకున్నాడు.

వెబ్‌లో ప్రత్యక్ష దృశ్యం కథ మరీ తమాషాగా మొదలైంది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కంప్యూటర్‌ శాస్త్రవేత్తలు కాఫీ కోసం వెళ్లేసరికి ఎప్పుడూ కుండ ఖాళీ. విసుగెత్తి 1991లో కాఫీ కుండకు ఎదురుగా కెమెరా పెట్టారు. కుర్చీలోంచి లేవకుండానే కాఫీ ఉందో లేదో చూసుకునేవారు. 1993లో ఆ బొమ్మ వెబ్‌లోకి వచ్చి ప్రపంచ ప్రసిద్ధి పొందింది.

గీతల వంతు 1995లో వచ్చింది. స్విట్జర్లాండ్‌కు చెందిన టోబియాస్‌ ఓటికర్‌ అప్పట్లో ఇంగ్లాండ్‌లోని డి మాంట్‌ఫర్ట్‌ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నాడు. వెయ్యికి పైగా కంప్యూటర్లున్న ఆ ప్రాంగణానికంతటికీ 64 కిలోబిట్ల ఇంటర్నెట్‌ లైను ఒక్కటే దిక్కు. అది ఎప్పుడు కిక్కిరిసిపోతోందో తెలియాలి కదా! అందుకే అయిదు నిమిషాలకోసారి లెక్క చూసి, గ్రాఫు బొమ్మ గీసి, వెబ్‌ పేజీలో పెట్టే ప్రోగ్రామ్‌ రాశాడు. పేరు ఎంఆర్‌టీజీ. ప్రపంచవ్యాప్తంగా నెట్‌వర్క్‌ ఇంజినీర్లు దాన్ని కళ్లకద్దుకున్నారు.

అయిదు నిమిషాలకు ఓ బొమ్మ... అప్పటికి అదే 'లైవ్‌'!

* అడగందే చెప్పదు

ఇంటర్నెట్‌ సెంటర్లో ఎంసెట్‌ ఫలితాల కోసం కూర్చున్న రోజులు గుర్తున్నాయా? ఎఫ్‌5 మీట అరిగిపోయేలా నొక్కేవాళ్లం. నొక్కినప్పుడల్లా పేజీ తెల్లబడి మళ్లీ వచ్చేది. ఎందుకలా?

వెబ్‌ పుట్టుకే అంత. ఇటునుంచి బ్రౌజర్‌ అడగాలి, అటునుంచి సర్వర్‌ జవాబివ్వాలి. జవాబు ఇచ్చాక ఇద్దరికీ సంబంధం తీరిపోతుంది. కొత్త కబురు వచ్చినా సర్వర్‌ తనంతట తాను వచ్చి చెప్పదు. పుస్తకాలూ వ్యాసాలూ చదువుకోవడానికి పుట్టిన వ్యవస్థ కాబట్టి అప్పుడు అది చాలింది. కదిలే గీతకు అది చాలదు.

ఇంజినీర్లు తొలుత కనిపెట్టిన ఉపాయం... పదేపదే అడగడం. రైలెక్కిన పిల్లాడు 'ఊరొచ్చిందా... ఊరొచ్చిందా' అని వేధిస్తాడే, అచ్చం అలాగే. సెకనుకోసారి బ్రౌజర్‌ గుట్టుగా సర్వర్‌ని అడుగుతుంటుంది. పేజీ మొత్తాన్నీ మార్చకుండా కావాల్సిన ముక్క ఒక్కటే తెచ్చుకునే ఈ పద్ధతికి 2005లో జెస్సీ జేమ్స్‌ గారెట్‌ 'అజాక్స్‌' అని పేరుపెట్టాడు. పేజీ తెల్లబడే బాధ తీరింది.

చూసేది పదిమందైతే ఫర్వాలేదు. లక్షమందైతే? సెకనుకు లక్ష ప్రశ్నలు. గంటకు 36 కోట్లు! పైగా చాలా ప్రశ్నలకు వచ్చే జవాబు 'ఇంకా కొత్తదేం లేదు' అనే. ప్రతి ప్రశ్నకూ జవాబుకూ చిరునామాలూ వివరాలూ అంటూ వందల అక్షరాల తలకట్టు వేరే. లోపల ఉండేది '49.98' అన్న చిన్న అంకె. రూపాయి ఉత్తరానికి పది రూపాయల కవరన్నమాట!

తర్వాత కాస్త తెలివైన మార్గం వచ్చింది. బ్రౌజర్‌ అడుగుతుంది. చెప్పడానికి ఏమీ లేకపోతే సర్వర్‌ వెంటనే జవాబివ్వకుండా 'ఉండు, చెబుతా' అన్నట్టు ఆపి ఉంచుతుంది. కబురు రాగానే చెప్పేస్తుంది. బ్రౌజర్‌ వెంటనే మరో ప్రశ్నతో సిద్ధం. ఇలాంటి పద్ధతులన్నిటికీ కలిపి 2006లో అలెక్స్‌ రసెల్‌ 'కామెట్‌' అని పేరు పెట్టాడు.

* రేడియోనా... టెలిఫోనా?

ఇప్పుడు రెండు రాజమార్గాలున్నాయి.

ఒకటి, సర్వర్‌-సెంట్‌ ఈవెంట్స్‌. ఇది రేడియోలాంటిది. ఒక్కసారి స్టేషన్‌ పెట్టుకుంటే చాలు, అటునుంచి కబుర్లు వస్తూనే ఉంటాయి. మనం తిరిగి మాట్లాడలేం. లైను తెగితే బ్రౌజర్‌ తనంతట తానే మళ్లీ కలుపుకుంటుంది. 'నేను చివరిగా విన్నది ఫలానా నంబరు కబురు' అని గుర్తుచేస్తుంది కూడా. సర్వర్‌ని అందుకు తగ్గట్టు రాసి ఉంటే మధ్యలో పోయిన కబుర్లను తిరిగి పంపుతుంది. గీత చూడటమే పని అయితే ఈ రేడియో సరిపోతుంది.

రెండోది, వెబ్‌సాకెట్‌. ఇది టెలిఫోను. ఒకసారి కలిస్తే ఇద్దరూ మాట్లాడుకోవచ్చు. 2011 డిసెంబరులో దీనికి ప్రామాణిక నిబంధనలు ఖరారయ్యాయి. చిన్న అంకె పంపాలంటే సర్వర్‌ జతచేయాల్సిన తలకట్టు రెండంటే రెండు బైట్లు. షేర్ల యాప్‌లో ఓ కంపెనీ గీత చూస్తూ ఇంకో కంపెనీమీద నొక్కితే గీత మారాలి... అంటే మనమూ ఏదో చెప్పాలి. అలాంటిచోట టెలిఫోనే కావాలి.

మరి ఏది వాడాలి? నది నీటిమట్టం గంటకోసారి మారితే నిమిషానికోసారి అడగడమే ఎక్కువ. దానికి టెలిఫోను పెట్టడం దోమమీద ఫిరంగి పేల్చడమే. గుండె కొట్టుకోవడం చూపించాలంటే మాత్రం అడిగి తెచ్చుకుంటే కుదరదు. అసలు విషయం ఎంత వేగంగా మారుతోంది, చూసేవాడు ఎంత వేగంగా స్పందించాలి... ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే మార్గం అదే దొరుకుతుంది.

* పలకా... పూలముగ్గా?

కబురు అందింది. ఇక గీయాలి. దానికీ రెండు దారులే.

మొదటిది 'కాన్వాస్‌'. ఇది పలక లాంటిది. కొత్త అంకె రాగానే పాత గీతను చెరిపేసి మళ్లీ మొత్తం గీస్తారు. గీసేశాక పలకకు ఏదీ గుర్తుండదు. ఎంత పెద్ద గీతనైనా చకచకా గీసేయొచ్చు. రెండోది 'ఎస్‌వీజీ'. ఇది పూలతో పేర్చిన ముగ్గు. ప్రతి పువ్వూ విడివిడిగా బ్రౌజర్‌కు తెలుసు. ఏ పువ్వునైనా ముట్టుకోవచ్చు, రంగు మార్చొచ్చు, పక్కకు జరపొచ్చు. వందల పూలైతే అందంగా ఉంటుంది. పదివేల పూలైతే పేర్చేవాడి నడుం విరుగుతుంది. అందుకే చుక్కలు వేలల్లో ఉంటే పలకే మేలు. స్టాన్‌ఫర్డ్‌ విశ్వవిద్యాలయంలో మైక్‌ బోస్టాక్‌, ఆయన సహచరులు 2011లో తెచ్చిన 'డీ3' అనే ఉచిత సామగ్రి ఎస్‌వీజీ గ్రాఫుల్ని కొత్త మలుపు తిప్పింది. అంతకుముందు ఇలాంటివి చూడాలంటే ఎక్కువచోట్ల 'ఫ్లాష్‌' ప్లేయర్‌ ఉండాల్సిందే. ఆ ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31తో కాలం చెల్లింది.

ఎన్నిసార్లు గీయాలి? సాధారణ తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. అంతకుమించి గీస్తే వృథా. సెకనుకు వెయ్యి అంకెలొచ్చినా వాటిని పోగుచేసుకుని తెర సిద్ధంగా ఉన్నప్పుడే గీయమంటుంది శాస్త్రం.

* వెనక తలుపు తెరవాల్సిందే

కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు ఊహించుకోండి. ముందు తలుపులోంచి ఎక్కుతూనే ఉన్నారు. వెనక తలుపులోంచి ఎవరూ దిగకపోతే? లైవ్‌ గ్రాఫూ అంతే. సెకనుకో అంకె చొప్పున రోజుకు 86,400 చుక్కలు. పాతవి దించకుండా కొత్తవి ఎక్కించుకుంటూ పోతే సాయంత్రానికి కంప్యూటర్‌ మూలుగుతుంది. రాత్రికి బ్రౌజర్‌ చేతులెత్తేస్తుంది. అందుకే చివరి అయిదు నిమిషాలో, చివరి గంటో... ఓ కిటికీ పెట్టుకుని కొత్త చుక్క రాగానే పాతదాన్ని దించేయాలి. కొత్తగా నేర్చుకునే కుర్రాళ్లు మరిచిపోయేది ఈ వెనక తలుపునే!

'రోజంతా ఎలా ఉందో చూపించండి' అంటే? ఫోన్‌ తెర అడ్డంగా చూస్తే సుమారు వెయ్యి చుక్కల వెడల్పు. అందులో 86 వేల అంకెలు పట్టవు. కొన్నిటిని వదిలేయాలి. ఏవి? సగటు తీస్తే సరిపోతుందనుకుంటాం. ఓ లెక్క చూడండి. ఓ సర్వర్‌మీద 59 నిమిషాలపాటు 40 శాతం భారం ఉంది. ఒక్క నిమిషం వంద శాతానికి వెళ్లింది. ఆ నిమిషంలో జనానికి సేవలు స్తంభించాయి. గంట సగటు ఎంతో తెలుసా? 41 శాతం! గ్రాఫులో అంతా ప్రశాంతం. జరిగిన ప్రమాదం సగటులో కరిగిపోయింది.

ఐస్‌లాండ్‌ విద్యార్థి స్వెయిన్‌ స్టైనార్సన్‌ 2013లో తన సిద్ధాంత వ్యాసంలో దీనికో మార్గం చూపాడు. చుక్కల్ని గుంపులుగా విడదీసి ప్రతి గుంపులోనూ గీత ఆకారాన్ని ఎక్కువగా నిలబెట్టే చుక్కను ఉంచి మిగిలినవి వదిలేయడం. శిఖరాలు చాలావరకు శిఖరాలుగానే మిగులుతాయి. చుక్కలు తగ్గించేందుకు ఇప్పుడు చాలా గ్రాఫు సామగ్రుల్లో వాడుతున్నది ఆ పద్ధతే.

* గోదారమ్మ గీత

ఇదంతా ఇంజినీర్ల గొడవ, మనకెందుకు అనిపించొచ్చు. భద్రాచలం వాళ్లనడగండి!

43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది. 53కి మూడోది. అక్కడ ఈ మూడంకెలు పిల్లలకూ కంఠతా వచ్చు. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు లేచింది. ఆ తరం ఇప్పటికీ మర్చిపోలేదు. 2022 జులైలో మళ్లీ పోటెత్తి 71.3 అడుగులకు చేరింది. దిగువన ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అక్కడ మూడో హెచ్చరికే 17 లక్షలకు ఇస్తారు.

1986లో నది సంగతి తెలియాలంటే స్నానఘట్టాల మెట్లు లెక్కపెట్టాలి. లేదంటే రేడియో వినాలి. 2022లో ఊళ్లో అమ్మానాన్నల్ని వదిలి హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉన్న పిల్లలకు ఇంకో దారి ఉంది. కేంద్ర జలసంఘం వరద సమాచార వెబ్‌సైట్‌లో ఒక్కో కేంద్రానికి ఒక్కో గ్రాఫు. అడ్డంగా హెచ్చరిక మట్టం, ప్రమాద మట్టం, ఇంతకుముందెన్నడూ లేని గరిష్ఠ మట్టం... వాటి మధ్యలో పైకి పాకుతున్న నది.

ఇందులో మరో మేలుంది. ఎగువన పేరూరులో గీత లేచిందంటే కొన్ని గంటల తర్వాత భద్రాచలంలో లేస్తుంది. ఆ తర్వాత ధవళేశ్వరంలో. పైనున్న గీత కిందనున్న వాళ్లకు ముందుచూపు. సామాన్లు పైకి సర్దాలా, గొడ్లను విప్పాలా, పెద్దవాళ్లను బంధువుల ఇంటికి పంపాలా అన్న నిర్ణయం ఆ కొన్ని గంటల్లోనే జరగాలి.

అలాంటి రాత్రి... గీత పెరుగుతూ పెరుగుతూ ఓ చోట అడ్డంగా సాగడం మొదలుపెట్టిందనుకోండి. 'అమ్మయ్య, నిలకడగా ఉంది' అనుకుని నిద్రపోతాం. నిజంగా నది నిలబడిందా? లేక లెక్క పంపే పరికరం నీళ్లలో మునిగిందా? తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తే?

లైవ్‌ గ్రాఫుకున్న అసలు ప్రమాదం ఇదే. చచ్చిపోయిన గీత బతికున్నట్టు కనిపించడం!

* నిశ్శబ్దం ఖరీదు... అయిదు కోట్లమంది

2003 ఆగస్టు 14. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఓ విద్యుత్‌ సంస్థ కంట్రోల్‌ రూము. మధ్యాహ్నం 2.14 గంటలకు అక్కడి కంప్యూటర్లలో హెచ్చరికలు ఇచ్చే ప్రోగ్రామ్‌ చడీచప్పుడు లేకుండా ఆగిపోయింది. 'నేను ఆగిపోయాను' అని చెప్పే ఏర్పాటు దానికి లేదు. హెచ్చరికలేమీ రావడం లేదు కాబట్టి అంతా బాగుందనుకున్నారు సిబ్బంది. బయట మాత్రం చెట్ల కొమ్మలు తగిలి ఒకదాని తర్వాత ఒకటిగా లైన్లు తెగుతున్నాయి. సాయంత్రం నాలుగు దాటాక అమెరికా ఈశాన్య రాష్ట్రాలూ కెనడాలోని అంటారియో చీకట్లో మునిగాయి. అయిదు కోట్లమందికి కరెంటు పోయింది. చెట్లు నరకకపోవడంతో సహా చాలా కారణాలు బయటపడ్డాయి. వాటిలో ఈ మౌనమూ ఒకటని తేల్చింది రెండు దేశాల దర్యాప్తు సంఘం.

అందుకే మంచి లైవ్‌ గ్రాఫుకు కొన్ని నియమాలున్నాయి. ప్రతి అంకెతోపాటూ అది కొలిచిన సమయం రావాలి. మన ఫోన్‌కు చేరిన సమయం కాదు, అక్కడ కొలిచిన సమయం. అంకెలు రాకపోతే గీత తెగాలి. తెగినచోట పాత అంకెతో సాగదీయకూడదు, రెండు చివర్లనూ కలిపి అతుకు వేయకూడదు. 'చివరి సమాచారం ఇన్ని నిమిషాల కిందటిది' అని కనపడేలా రాయాలి. కబుర్లేమీ లేకపోయినా 'నేనున్నా' అని సర్వర్‌ అప్పుడప్పుడూ చిన్న సంకేతం పంపాలి. అది రాకపోతే గీత రంగు వెలిసిపోవాలి.

బ్రౌజర్‌ చేసే మాయ ఇంకోటుంది. మీరు వేరే ట్యాబ్‌లోకి వెళ్లగానే వెనకున్న పేజీని బ్యాటరీ ఆదా కోసం అది జోకొడుతుంది. గీయడం ఆపేస్తుంది. తిరిగి వచ్చేసరికి కనిపించేది పాత గీత కావచ్చు. మెలకువ రాగానే మధ్యలో పోయినవన్నీ అడిగి తెచ్చుకునేలా ప్రోగ్రామ్‌ రాసుకోకపోతే అంతే సంగతులు.

* ఆ తొమ్మిది నిమిషాలు

సరిగ్గా పనిచేసే గీత విలువ ఏమిటో 2020 ఏప్రిల్‌ 5న తెలిసింది. కరోనా లాక్‌డౌన్‌ రోజులు. రాత్రి 9 గంటలకు తొమ్మిది నిమిషాలపాటు దీపాలార్పమని ప్రధాని పిలుపునిచ్చారు. మనం ప్రమిదలు వెలిగించే హడావుడిలో ఉన్నాం. విద్యుత్‌ ఇంజినీర్ల గుండెలు మాత్రం దడదడలాడుతున్నాయి.

కరెంటును నిల్వ చేయడం కష్టం. తయారయ్యేదీ వాడేదీ ఎప్పటికప్పుడు సమానంగా ఉండాలి. ఆ సమతూకాన్ని చెప్పే నాడి ఫ్రీక్వెన్సీ. అది 50 హెర్ట్జ్‌ దగ్గరుండాలి. మన దేశంలో అనుమతించిన హద్దులు 49.90 నుంచి 50.05. వాడకం పెరిగితే పడుతుంది, తగ్గితే లేస్తుంది. 2012 జులై 30, 31 తేదీల్లో గ్రిడ్‌ కుప్పకూలి 60 కోట్లకుపైగా జనం ఇబ్బంది పడిన సంగతి ఎవరూ మర్చిపోలేదు.

వాడకం 12 వేల నుంచి 14 వేల మెగావాట్లు తగ్గొచ్చని అంచనా వేశారు. తగ్గింది ఎంతో తెలుసా? 31,089 మెగావాట్లు! జలవిద్యుత్‌ కేంద్రాల్ని చకచకా తగ్గిస్తూ మళ్లీ పెంచుతూ గీతమీద కళ్లు తిప్పకుండా సర్దుకొచ్చారు. ఫ్రీక్వెన్సీ 49.70 నుంచి 50.26 మధ్య ఊగింది. హద్దులు దాటింది కానీ చేయి దాటలేదు. దేశంలో ఒక్క బల్బూ అనవసరంగా ఆరలేదనుకుంటూ మనం హాయిగా నిద్రపోయాం.

* గీత అబద్ధమాడుతుందా?

గీత అబద్ధమాడదు. గీతను చూపించే చట్రం ఆడుతుంది. 49.98 నుంచి 50.02 మధ్య కదిలే ఫ్రీక్వెన్సీని తెరకు సరిపోయేలా సాగదీస్తే హిమాలయాల్లా కనిపిస్తుంది. సున్నా నుంచి గీస్తే బల్లపరుపు. రెండూ నిజమే. అందుకే గీత కన్నా ముందు పక్కనున్న అంకెలు చూడాలి. లైవ్‌ గ్రాఫుల్లో ఈ కొలబద్ద దానంతటదే మారిపోతూ ఉంటుంది కాబట్టి మరీ జాగ్రత్త.

సెన్సెక్స్‌నే తీసుకోండి. 2020 మార్చి 23న 3,935 పాయింట్లు పడింది. 2024 జూన్‌ 4న, లోక్‌సభ ఎన్నికల ఫలితాల రోజు, 4,390 పాయింట్లు పడింది. ఏది పెద్ద దెబ్బ? పాయింట్లలో రెండోది. శాతంలో చూస్తే మొదటిది 13 దాటింది, రెండోది 6 కూడా లేదు!

ఇంకో మాట. కదిలే గీతకు ఓ ఆకర్షణ ఉంది. పొయ్యిమీద పాలు చూస్తున్నట్టు చూడాలనిపిస్తుంది. చూస్తే ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. ఫ్యూచర్స్‌ అండ్‌ ఆప్షన్స్‌లో వ్యాపారం చేసిన వ్యక్తిగత మదుపరుల లెక్కల్ని సెబీ 2024లో బయటపెట్టింది. 2021-22 నుంచి మూడేళ్లలో వందకు 93 మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయల పైనే! తప్పంతా గీతదే అనలేం. కానీ నిమిషానికో కొండా లోయా చూపించే తెర ముందు కూర్చుంటే నిబ్బరంగా ఉండటం ఎవరికైనా కష్టమే. పదేళ్ల కోసం దాచుకున్న డబ్బును పది సెకన్ల గీతలో చూడకూడదు.

గీత చూసేముందు...

- చివరి అంకె ఏ సమయానిదో చూడండి. సమయం లేకపోతే అది లైవ్‌ అనుకోవద్దు.

- గీత చాలాసేపు తిన్నగా, గీటుగీసినట్టు ఉంటే అనుమానించండి. నిజమైన కొలతలు కాస్తయినా వణుకుతాయి.

- పక్కన కొలబద్ద ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో చదవండి.

- చూపిస్తున్నది ప్రతి అంకెనా, సగటునా తెలుసుకోండి.

- వేరే ట్యాబ్‌ నుంచి తిరిగొస్తే పేజీని ఒకసారి మళ్లీ తెరవండి.

- వరద, తుపాను సమయంలో గ్రాఫు ఒక్కటే ఆధారం కాదు. అధికారులు ఖాళీ చేయమంటే గీత చూస్తూ కూర్చోవద్దు.

* * *

మళ్లీ ఆ 2019 రాత్రికి వెళ్దాం. ఆకుపచ్చ చుక్క ఆగిపోయినప్పుడు ఆ తెర ఏం చేసింది? సంకేతాలు రావడం లేదు కదా అని ఎర్రగీత వెంట చుక్కను జరుపుకుంటూ పోలేదు. ఆగినచోటే ఆపేసింది. కోట్లమంది చూస్తున్నారని తెలిసీ, దేశం పరువు ప్రశ్న అని తెలిసీ... తెలిసినంతే చూపించింది. తెలియనిచోట ఖాళీగా ఉంచింది. ఎక్కడ తప్పు జరిగిందో వెతకడానికి శాస్త్రవేత్తలకు దొరికిన ఆధారం తెగిపోయేదాకా వచ్చిన ఆ అంకెలే. నాలుగేళ్ల తర్వాతి విజయానికి దారి అక్కడి నుంచే మొదలైంది.

గీత గీయడం నేర్చుకోవడానికి నాలుగు రోజులు చాలు. గీత ఎక్కడ ఆపాలో తెలియడమే అసలు చదువు!